మా ఇంట్లో మగవాళ్ళు యాభై దాటడం లేదు: మాకూ పిల్లలకీ ఏ పరీక్షలు, ఎప్పుడు చేయించాలి?

శేషాచలం నీడ (తిరుపతి)

అందరికీ నమస్కారం. పోయిన నెల మా అన్నకి గుండెపోటు వచ్చింది. వయసు 43. సిగరెట్ లేదు, మందు లేదు, షుగర్ లేదు. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాడు, అంతే. తెల్లవారుజామున ఎడమ దవడ లాగుతోందని, చెమటలు పడుతున్నాయని చెప్తే వదిన వెంటనే 108కి ఫోన్ చేసింది. ఆ ఒక్క పని వల్లే మనిషి దక్కాడు. ఒక స్టెంట్ వేశారు.

డిశ్చార్జి రోజు డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి మా నాయన ఎట్లా పోయాడని అడిగారు. హార్ట్ ఎటాక్ అన్నాను. ఎన్నో ఏట అన్నారు. 47. తాత? పొలంలో కూలబడి పోయాడని విన్నాను. ఆయన వయసెంత, మేనత్తల సంగతేంటి, చిన్నాన్నల సంగతేంటి అంటే నా దగ్గర జవాబు లేదు. "కనుక్కోండి. మీరూ మీ చెల్లెలూ ఈ నెలలోనే రక్తపరీక్షలు చేయించుకోండి, మీ అన్న పిల్లల్ని కూడా వదలొద్దు" అన్నారు.

నాకు 37, చెల్లెలికి 33. అన్న కొడుక్కి 15, కూతురికి 11. అమ్మేమో మన వంశానికి ఏదో శాపం ఉందని ఏడుస్తోంది. శాపమో కాదో గానీ నాకు చెయ్యాల్సిన పని తెలియాలి. ఈసీజీ, ఎకో తీయిస్తే చాలా? పిల్లలకి నిజంగా ఇప్పుడే అవసరమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చంద్రగిరి టీచరమ్మ

నాయనా, మీ అన్న బయటపడ్డాడు, అదే పదివేలు. పరీక్షల గురించి ఇక్కడ తెలిసినవాళ్ళు చెప్తారు. డాక్టరు గారు "కనుక్కోండి" అన్నారే, దాని గురించి నేను చెప్తాను. అది ఇంట్లోవాళ్ళం మనమే చెయ్యాలి, ఏ మిషనూ చెయ్యలేదు.

మన ఇళ్ళల్లో ఎవరు ఏ తిథిన పోయారో తప్పకుండా గుర్తుంటుంది, తద్దినం పెట్టాలి కాబట్టి. కానీ ఎన్నేళ్ళకి పోయారు, అంతకు ముందు ఏం బాధపడ్డారు అంటే ఎవరూ చెప్పలేరు. "ఉన్నట్టుండి పోయాడు", "నిద్రలోనే పోయింది పుణ్యాత్మురాలు", "గ్యాస్ పైకి తన్నింది", "కళ్ళు తిరిగి పడిపోయాడు, మళ్ళీ లేవలేదు". ఈ మాటల వెనక చాలాచోట్ల గుండె జబ్బే ఉంటుంది.

పెద్దవాళ్ళని నేరుగా వయసు అడిగితే "యాభయ్యో అరవయ్యో" అంటారు. వాళ్ళకి పుట్టిన తేదీలే లేవు కదా. నేను మా తాత గురించి మా పిన్నమ్మని వేరే దారిలో అడిగాను. ఆయన పోయేనాటికి ఎవరెవరికి పెళ్ళిళ్ళయ్యాయి, ఎవరు చంకలో ఉన్నారు, పంటేముంది అని. ఆమె ఠక్కున "రామారావు తిరుపతిలో గెలిచిన ఏడాదే గదా, ఆ ఓట్లకి మమ్మల్ని బండిలో తీసుకుపోయింది ఆయనే, కోతలకి లేడు" అంది. అంటే 1983. పెద్ద కొడుకు పుట్టినప్పుడు ఆయనకి ఇరవై రెండని మా అవ్వ ఎప్పుడూ చెప్పేది, పెదనాన్న పుట్టిన ఏడు స్కూలు సర్టిఫికెట్‌లో ఉంది. కూడితే 51 వచ్చింది. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ ఆయన నిండు వయసులో పోయాడనే చెప్పుకునేవాళ్ళు.

ఇందిరాగాంధీ పోయిన ఏడు 1984, చిరంజీవి తిరుపతిలో గెలిచిన ఏడు 2009, ఇట్లా ఏదో ఒకటి పట్టుకుని అడుగు. మీ అమ్మగారి వైపు కూడా వదలొద్దు. మేనత్తలు బతికి ఉంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళు, ఆడవాళ్ళకే ఎక్కువ గుర్తుంటుంది.

వార్డు నర్సు

టీచరమ్మ గారూ, చేతులెత్తి దండం పెట్టాలి మీకు. నేను కార్డియాలజీ వార్డులో పనిచేస్తాను. కేస్‌షీట్‌లో ఫ్యామిలీ హిస్టరీ అని ఒక గడి ఉంటుంది. రాత్రి రెండు గంటలకి పేషెంటుని తీసుకొచ్చిన బావమరిదిని అడిగితే పాపం ఆయనకేం తెలుస్తుంది? "ఏమీ లేదు మేడం" అంటాడు. ఆ గడిలో "లేదు" అని పడిపోతుంది, అదే కాగితం ఏళ్ళ తరబడి నడుస్తుంది.

శేషాచలం గారూ, రాసుకునేటప్పుడు మనిషి పోయిన వయసు కన్నా మొదటిసారి జబ్బు బయటపడిన వయసు ముఖ్యం. చిన్నాన్న 70 ఏళ్ళు బతికి ఉండొచ్చు, కానీ 49కే బైపాస్ అయి ఉంటే రాయాల్సింది 49. స్టెంట్, బైపాస్, పక్షవాతం, ఉన్నట్టుండి పడిపోయి చనిపోవడం అన్నీ రాయండి. తండ్రికి గానీ అన్నదమ్ములకి గానీ 55 లోపు, తల్లికి గానీ అక్కచెల్లెళ్ళకి గానీ 65 లోపు గుండె జబ్బు వచ్చిందంటే డాక్టర్లు దాన్ని బలమైన హిస్టరీగా లెక్కిస్తారు. మీకు నాన్న, అన్న ఇద్దరూ ఆ లెక్కలోకి వచ్చేశారు. తాతలు, చిన్నాన్నలు ఆ తర్వాత, కానీ రాస్తే మేలే.

పలమనేరు పాడి

అన్నా, ఏమీ అనుకోవద్దు, నాదొక మాట. మా ఊళ్ళో రాగిసంగటి తిని, పొద్దున నాలుగింటికి లేచి పాలు పిండి, గడ్డి కోసి తెచ్చేవాళ్ళకి ఈ జబ్బులు చూడలేదు. ఒళ్ళు వంచి పని చేస్తే చాలు. పిల్లోళ్ళకి కూడా సూదులు గుచ్చి భయపెట్టడం దేనికి? పరీక్ష చేస్తే ఏదో ఒకటి ఎక్కువే చూపిస్తారు, ఇంక జీవితాంతం మాత్రలు.

పీలేరు ఫిజీషియన్

పాడి గారి మాటలో సగం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒంటి పని, మితమైన తిండి నిజంగా కాపాడతాయి. పుట్టుకతో వచ్చే ముప్పు ఎక్కువున్న వాళ్ళలో కూడా పద్ధతిగా బతికేవాళ్ళకి, అంటే పొగ తాగకుండా, లావెక్కకుండా, కదులుతూ, మంచి తిండి తినేవాళ్ళకి, అవేవీ పాటించని వాళ్ళకన్నా గుండె జబ్బు దాదాపు సగానికి సగం తక్కువని 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. 46 శాతం తక్కువ. జీన్స్ చెడ్డవైనా మన చేతిలో ఇంత ఉందన్నమాట.

రెండో సగం దగ్గరే ఇబ్బంది. శేషాచలం గారి తాత పొలంలోనే కూలబడ్డారు. ఒళ్ళు వంచి పని చేసే మనిషే. కొందరి రక్తంలో కొవ్వు తిండి వల్ల పెరగదు, పుట్టినప్పటి నుంచే ఎక్కువ ఉంటుంది. అది పైకి కనిపించదు, నొప్పి ఉండదు. రక్తం తీసి చూస్తేనే తెలుస్తుంది.

ఇక అడిగిన ప్రశ్నలకి వస్తాను. 2004లో 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటు వచ్చిన దక్షిణాసియా వాళ్ళలో సగం మందికి అది 53 ఏళ్ళకల్లా వచ్చేసింది. మిగతా దేశాల్లో ఆ వయసు 58, 59. అదే అధ్యయనంలో గుండెపోటు ముప్పులో 90 శాతం దాకా తొమ్మిది కారణాలతోనే లెక్క తేలింది: పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, ఒత్తిడి, పళ్ళూ కూరగాయలూ తినకపోవడం, వ్యాయామం లేకపోవడం, మద్యం అలవాటు. అమ్మగారికి ఇది చెప్పండి. శాపం అయితే చేతులు ముడుచుకోవాలి. ఇందులో దాదాపు ప్రతిదాన్నీ కొలవచ్చు, చాలావరకు తగ్గించవచ్చు.

ఈసీజీ, ఎకో చాలవు. ఈసీజీ తీసిన నిమిషంలో గుండె ఎట్లా ఉందో చెప్తుంది. ఎకో గుండె కండరం, కవాటాలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్తుంది. రక్తనాళం గోడలో పేరుకుంటున్న కొవ్వుని రెండూ చూపించవు. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే టీఎంటీ కూడా నాళం బాగా, సుమారు 70 శాతం మూసుకుంటే గానీ సరిగ్గా పట్టదు. చాలా గుండెపోట్లు సగం కూడా మూసుకోని చోట పూడిక చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. మొన్న టీఎంటీ నార్మల్, ఇవాళ ఎటాక్ అని మీరు వినే సంగతులు ఇట్లాంటివే.

మీరు చేయించాల్సినవి పెద్ద ఖరీదైనవి కావు. బీపీ, విశ్రాంతిగా కూర్చున్నాక, రెండు మూడు వేర్వేరు రోజుల్లో. బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత: మనవాళ్ళలో మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే ఎక్కువే. లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష. షుగర్‌కి హెచ్‌బీఏ1సీ. కిడ్నీలకి క్రియాటినిన్, ఇంకా థైరాయిడ్. వీటితో పాటు జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్ ఏ, అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం కణం. ఈ చివరిది చాలామందికి తెలియదు. నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ 1963లోనే దాన్ని కనిపెట్టాడు. తిండితో, నడకతో అది పెద్దగా మారదు, తల్లిదండ్రుల నుంచి ఎంత వచ్చిందో అంతే ఉంటుంది. అందుకే సాధారణంగా ఒక్కసారి చూస్తే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. ఇండియాలో అందరికీ 18 ఏళ్ళకే మొదటి లిపిడ్ పరీక్ష చెయ్యాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. మీలాంటి ఇళ్ళల్లో ఇంకా ముందే. పిల్లలిద్దరికీ తప్పకుండా చేయించండి.

కుప్పం కోడలు

నేను ఆడవాళ్ళ గురించి రాయాలి, ఎందుకంటే పైన అందరూ మగవాళ్ళ వయసులే చెప్తున్నారు.

మా అమ్మకి 58. నాలుగు రోజులు వీపు మధ్యలో పట్టేసినట్టుంది, మెట్లెక్కితే ఆయాసం, అన్నం సహించడం లేదు అంది. చూపిస్తే గ్యాస్ అని మాత్రలిచ్చి పంపారు. ఈసీజీ తీశారు, నార్మల్ అన్నారు. ఏ ఆసుపత్రో చెప్పను. మర్నాడు కూడా తగ్గకపోతే మా వదిన మొండికేసి ఇంకోచోటికి తీసుకెళ్ళింది. అక్కడ కొన్ని గంటల తేడాతో రెండు ఈసీజీలు తీసి, గుండె కండరం దెబ్బతిందేమో చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేసి, గుండెపోటని చెప్పారు.

మా అమ్మమ్మ కూడా అరవై లోపే పోయింది. "ఆయాసంతో పోయింది" అని మాత్రమే మాకు తెలుసు. అమ్మకి మొదట చూసినచోట ఎవరూ ఆ సంగతి అడగలేదు, అడగకుండా చెప్పాలని మాకూ ఎవరూ నేర్పలేదు. అందుకే అక్కచెల్లెళ్ళందరికీ చెప్తున్నాను: ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మొదటి మాట "మా ఇంట్లో ఫలానా వాళ్ళకి ఫలానా వయసులో గుండె జబ్బు వచ్చింది" అనే చెప్పండి. డాక్టరు చూసే తీరే మారిపోతుంది.

వార్డు నర్సు

కోడలమ్మా, బాగా చెప్పావు. ఆడవాళ్ళ విషయంలో ఇంకొకటి కలుపుతాను. కాన్పు సమయంలో బీపీ పెరిగి ఇబ్బంది పడినవాళ్ళు, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తర్వాత తగ్గిపోయినవాళ్ళు, నలభై లోపే నెలసరి ఆగిపోయినవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. కాన్పుతో అంతా అయిపోయిందని ఆ కాగితాలు పారేస్తారు. వాటికీ ముందుముందు గుండె జబ్బుకీ సంబంధం ఉంది. శేషాచలం గారూ, మీ చెల్లెల్ని ఇది అడగండి.

నగరి మగ్గం

అందరూ పరీక్షల పేర్లు చెప్తున్నారు, బాగుంది. మగ్గం మీద బతికేవాళ్ళం. ఇంట్లో నలుగురికి ఇవన్నీ చేయించాలంటే ఒక వారం కూలి పోతుంది. ఆరోగ్యశ్రీలో, అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, వీటికి ఇస్తారా? మా నాన్నకి 52లో స్టెంట్ పడింది, అది దాంట్లోనే అయింది.

ల్యాబ్ తమ్ముడు (చిత్తూరు)

అన్నా, వైద్యసేవ కార్డు స్టెంట్, బైపాస్ లాంటి పెద్ద వైద్యానికి. ఏ జబ్బూ లేకుండా ముందుజాగ్రత్తగా చేయించుకునే పరీక్షలకి అది పనికిరాదు. బీపీ, షుగర్ మాత్రం మీ పీహెచ్‌సీలో, ఊరి హెల్త్ క్లినిక్‌లో ఉచితంగా చూస్తారు, మందులు కూడా అక్కడే ఇస్తారు. లిపిడ్ ప్రొఫైల్ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓపీ చీటీ మీద డాక్టరు రాస్తే చేస్తారు. తిరుపతి రుయాకి గానీ చిత్తూరు జిల్లా ఆసుపత్రికి గానీ వెళ్ళినప్పుడు "మా నాన్నకి 52లో స్టెంట్ పడింది" అని చెప్పండి, ఆ మాట చెప్తే రాస్తారు. డబ్బు తక్కువైతే అందరికీ అన్నీ ఒకేసారి అక్కర్లేదు. ముందు మీకూ, మీ అన్నదమ్ములకీ లిపిడ్, షుగర్, బీపీ. ఎక్కువొస్తే అప్పుడు పిల్లలకి. లైపోప్రోటీన్ ఏ ఖరీదెక్కువ, వీలు చూసుకుని ఒక్కసారి చేయించండి.

మా ల్యాబుకి వచ్చేవాళ్ళకి నేను రోజూ చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. లిపిడ్‌కి పరగడుపున రావాలన్న నియమం ఇప్పుడు అంత గట్టిగా లేదు, మామూలుగా తిని వచ్చినా మొదటి పరీక్షకి సరిపోతుంది. కానీ ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 400 దాటితే మళ్ళీ పరగడుపున ఇవ్వాలి. ఎందుకంటే చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని, అంటే చెడ్డ కొలెస్ట్రాల్‌ని, నేరుగా కొలవరు, లెక్క కడతారు: మొత్తం కొలెస్ట్రాల్ లోంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్స్ బాగా ఎక్కువున్నప్పుడు ఆ లెక్క నిలవదు. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాలు తగ్గిన కొత్తలో పరీక్షకి రావొద్దు, కొలెస్ట్రాల్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. గుండెపోటు వచ్చి ఒకరోజు గడిచాక తీసినా అంతే, తక్కువ చూపిస్తుంది. ఆ రిపోర్టు చూసి "మా వాడికి కొలెస్ట్రాల్ లేదు" అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, డాక్టరు గారు అది కూడా రాసింది అందుకే.

రిపోర్టులు పారేయొద్దు. ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెట్టేయండి. చెల్లెలి పెళ్ళై వేరే ఊరు వెళ్ళినా దొరుకుతుంది.

శేషాచలం నీడ

రిపోర్టులు వచ్చాయి. ముందు మా మేనత్త దగ్గరికి వెళ్ళాను, టీచరమ్మ గారు చెప్పినట్టే. తాత పోయినప్పుడు ఆమె ఏడో నెల కడుపుతో ఉందట, పుట్టింటికి కాన్పుకి వచ్చి ఉంది. ఆ పిల్లవాడి పుట్టిన తేదీ పట్టుకుని లెక్క కడితే తాతకి 50 లోపే. ఇంకో సంగతి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, మా చిన్నతాత కూడా నలభైల్లోనే పోయాడట.

నాకు మొత్తం కొలెస్ట్రాల్ 259, ఎల్‌డీఎల్ 183, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 190. హెచ్‌బీఏ1సీ 5.9. లైపోప్రోటీన్ ఏ 88. నడుము 97. బీపీ 138/88. చెల్లెలికి ఎల్‌డీఎల్ 128, లైపోప్రోటీన్ ఏ 12. అన్న కూతురికి ఎల్‌డీఎల్ 96. అన్న కొడుక్కి 201.

పదిహేనేళ్ళ పిల్లవాడికి నాకన్నా ఎక్కువా? వదిన ఆ కాగితం పట్టుకుని కూర్చుండిపోయింది. పిల్లవాడు సన్నగా ఉంటాడు, కబడ్డీ ఆడతాడు.

పీలేరు ఫిజీషియన్

వదినగారికి ముందు ఇది చెప్పండి: పదిహేనేళ్ళకి తెలిసింది కాబట్టి ఆ పిల్లవాడికి ఎన్నో ఏళ్ళు చేతిలో ఉన్నాయి. తండ్రికి ఆ అవకాశం దొరకలేదు.

సన్నగా ఉండే పిల్లవాడికి 201 అంటే తిండి వల్ల వచ్చింది కాకపోవచ్చు. వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ జబ్బు ఒకటుంది. సుమారు 250, 300 మందిలో ఒకరికి ఉంటుంది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు లివర్‌లో సరిగ్గా పనిచేయవు. ఆ గ్రాహకాలని కనిపెట్టినందుకే గోల్డ్‌స్టీన్, బ్రౌన్ అనే ఇద్దరికి 1985లో నోబెల్ ఇచ్చారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ రావడానికీ రాకపోవడానికీ సమాన అవకాశం. అన్నాచెల్లెళ్ళలో ఒకరికి 201, ఇంకొకరికి 96 ఉండటంలో వింతేమీ లేదు. మడమ వెనక స్నాయువు (టెండన్) మందంగా గట్టిగా ఉందేమో, కనురెప్పల మీద పసుపు మచ్చలున్నాయేమో మీ అన్నగారి ఒంటి మీద చూడండి. ఉంటే అనుమానం బలపడుతుంది. లేకపోయినా కొట్టిపారేయలేం.

పిల్లవాడికి ఇంకోసారి పరగడుపున చేయించి, థైరాయిడ్ చూసి, పిల్లల గుండె వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. తిరుపతిలో టీటీడీ 2021లో పెట్టిన పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది, స్విమ్స్‌లో కార్డియాలజీ ఉంది. చిత్తూరు వైపు వాళ్ళు వెల్లూరు సీఎంసీకి కూడా వెళ్తుంటారు. ఇలాంటి పిల్లలకి ఎనిమిది, పదేళ్ళు దాటాక కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు మొదలుపెట్టడం ప్రపంచమంతా చేస్తున్నదే. కబడ్డీ ఆడనివ్వండి.

మీ విషయంలో 183, పైగా లైపోప్రోటీన్ ఏ 88, ఇంట్లో ఈ హిస్టరీ. మీ డాక్టరు స్టాటిన్ మొదలుపెడతారని నా అంచనా. ఎక్కువ ముప్పు ఉన్నవాళ్ళకి ఎల్‌డీఎల్ 70 లోపు, గుండెపోటు వచ్చిన మీ అన్నలాంటి వాళ్ళకి 55 లోపు ఉంచాలి. లైపోప్రోటీన్ ఏని స్టాటిన్ తగ్గించదు. దాన్ని మార్చలేం కాబట్టే మిగతావన్నీ ఇంకా గట్టిగా దించాలి. షుగర్ ఇంకా రాలేదు, అంచు మీద ఉంది. నడుము తగ్గితే షుగర్, బీపీ రెండూ వెనక్కి వస్తాయి. గుండె నాళాల్లో గట్టిపడ్డ పూడికని కొలిచే క్యాల్షియం స్కోర్ అనే సీటీ పరీక్ష కొందరికి పనికొస్తుంది, మాత్ర అవసరమా కాదా అన్న సందేహం ఉన్నవాళ్ళకి. మీ అంకెల్లో ఆ సందేహం పెద్దగా లేదు. నలభై లోపు వాళ్ళకి స్కోరు సున్నా వచ్చినా లోపల మెత్తటి పూడిక ఉండొచ్చు, అది చూసి ధైర్యపడకూడదు.

చెల్లెలికి ఎల్‌డీఎల్ గానీ, లైపోప్రోటీన్ ఏ గానీ అంత ఎక్కువ రాలేదు, సంతోషం. అయినా ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి చూసుకోవాలి.

పలమనేరు పాడి

డాక్టరు గారూ, ఆ పిల్లోడి సంగతి చదివాక నేనేమీ వాదించను. కానీ స్టాటిన్ వాడితే లివర్ పోతుందని, మతిమరుపు వస్తుందని, షుగర్ వస్తుందని వాట్సాప్‌లో రోజూ వస్తుంటాయి. మా బావ ఆ భయంతోనే ఆపేసినాడు. వెల్లుల్లి, తెల్లమద్ది చెక్క కషాయం తాగుతున్నాడు. సరిపోదా?

పీలేరు ఫిజీషియన్

మంచి ప్రశ్న, చాలామంది లోపల పెట్టుకుంటారు. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, అది నిజం. మాత్ర మార్చి, డోసు తగ్గించి చాలామందికి సర్దగలం. షుగర్ కొద్దిగా పెరగడం కూడా నిజమే, ముఖ్యంగా ఇప్పటికే అంచు మీద ఉన్నవాళ్ళలో. కానీ గుండెపోటు తప్పడం వల్ల కలిగే మేలు దానికన్నా చాలా ఎక్కువ. లివర్ నిజంగా దెబ్బతినడం బాగా అరుదు. మతిమరుపు తెస్తుందని మంచి పరీక్షల్లో తేలలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్ళు మాత్రం డాక్టరుతో మాట్లాడి ఆపాలి. వెల్లుల్లి తినమనండి, తప్పులేదు. కషాయం తాగుతున్నట్టు డాక్టరుకి చెప్పమనండి. మాత్రకి బదులుగా మాత్రం వద్దు. బావగారికి స్టెంట్ ఉందా? ఉంటే ఈ వారమే తీసుకెళ్ళండి. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు కూడా సొంతంగా ఆపినవాళ్ళకి ఆ స్టెంట్ ఉన్నట్టుండి మూసుకుపోవడం నేను చూశాను.

బెంగళూరు చిత్తూరోడు

29 ఏళ్ళు, నైట్ షిఫ్టు, నాన్నకి 50లో బైపాస్. జీన్ టెస్టులు అమ్ముతున్నారు కదా, ఒక్కసారి అది చేయించుకుంటే అంతా తెలిసిపోతుందా? నా స్మార్ట్‌వాచ్‌లో ఈసీజీ కూడా ఉంది.

ల్యాబ్ తమ్ముడు

అన్నా, వాచ్ ఈసీజీ గుండె లయ తప్పితే చెప్తుంది, పూడికల గురించి దానికి తెలియదు. జీన్ టెస్టు శేషాచలం గారి అన్న కొడుకులాంటి వాళ్ళకి డాక్టరు రాస్తే విలువ. నీకు ముందు లిపిడ్, లైపోప్రోటీన్ ఏ, షుగర్, బీపీ. నైట్ షిఫ్టులో సిగరెట్ ఉంటే అది ఇవాళే ఆపు.

పీలేరు ఫిజీషియన్

ఒక్కటి కలుపుతాను. కొన్ని ఇళ్ళల్లో పూడికలు కాదు, గుండె కండరం జబ్బు వంశంలో నడుస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో బయటపెట్టిన ఒక జన్యులోపం భారతీయుల్లో సుమారు 4 శాతం మందిలో ఉంది, దాంతో వయసు పెరిగేకొద్దీ గుండె కండరం బలహీనపడే ముప్పు ఎక్కువ. కాబట్టి ఆటలో, పరుగులో పడిపోయి ఇరవై, ముప్ఫై ఏళ్ళకే పోయినవాళ్ళు ఇంట్లో ఉంటే లిపిడ్ ఒక్కటే చాలదు. అప్పుడు ఈసీజీ, ఎకో తప్పనిసరి. ఎవరెట్లా పోయారో తెలిస్తేనే ఏ పరీక్ష రాయాలో మాకు తెలుస్తుంది.

చంద్రగిరి టీచరమ్మ

మన వైపు మేనరికాలు ఎక్కువ. అక్క కూతుర్ని చేసుకోవడం ఇప్పటికీ ఉంది. అట్లాంటి ఇళ్ళల్లో అమ్మ వైపు, నాన్న వైపు ఒకే రక్తం కదా. ఆ కొలెస్ట్రాల్ జబ్బు రెండువైపుల నుంచీ వస్తే పిల్లల గతేంటి డాక్టరు గారూ?

పీలేరు ఫిజీషియన్

టీచరమ్మ గారూ, అదే అన్నిటికన్నా తీవ్రమైనది. చాలా అరుదు, కానీ మేనరికాల్లో అవకాశం పెరుగుతుంది. రెండువైపుల నుంచీ వస్తే ఎల్‌డీఎల్ 400, 500 దాటొచ్చు, పదేళ్ళలోపే మోచేతులు, మోకాళ్ళ మీద పసుపు గడ్డలు వస్తాయి, చిన్నతనంలోనే గుండెపోటు రావచ్చు. ఆ గడ్డల్ని కొవ్వు గడ్డలని కోయించి ఊరుకుంటారు. అవి కనిపిస్తే ముందు లిపిడ్ పరీక్ష చేయించాలి. శేషాచలం గారి ఇంటిలాంటి చోట సంబంధాలు చూసేటప్పుడు జాతకాలతో పాటు ఇవి కూడా మాట్లాడుకుంటే తప్పేమీ లేదు.

రేణిగుంట రైలుకట్ట

మొదటి నుంచీ చదువుతున్నాను, నాదీ ఒక చిన్న ప్రశ్న. మా నాయనకి 61. పెదనాన్నకి 50 లోపు ఎటాక్. నాయనకి షుగర్ ఉంది, మందు వాడతాడు. ఏటా అలిపిరి నుంచి నడిచే కొండకి వెళ్తాడు, మొక్కు. ఈ శనివారం మళ్ళీ బయలుదేరుతున్నాడు. 3,550 మెట్లు, ఎప్పుడూ ఎక్కేవాడే. పంపొచ్చా?

వార్డు నర్సు

తమ్ముడూ, పెద్ద వయసువాళ్ళు, గుండె జబ్బు, బీపీ, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్ళు మెట్లదారిలో రావొద్దని టీటీడీనే చెప్తోంది. రోజూ నడిచే అలవాటుందా? పోయినసారి ఎక్కేటప్పుడు ఎక్కడైనా ఛాతీ బరువెక్కి, కూర్చుంటే తగ్గిందా? షుగర్ ఉన్నవాళ్ళకి నొప్పి తెలియకపోవచ్చు, ఆయాసమో నీరసమో మాత్రమే ఉంటుంది. సరిగ్గా అడిగి చెప్పు.

రేణిగుంట రైలుకట్ట

అడిగాను. పోయినసారి గాలిగోపురం చేరేలోపు మూడు నాలుగు చోట్ల కూర్చున్నాడంట, ఊపిరి ఆడక. అంతకు ముందు ఏడు ఒక్కచోట కూడా కూర్చోలేదు. వయసు కదా అని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మార్కెట్ నుంచి సంచి మోసుకొచ్చినా అట్లాగే ఉందంటున్నాడు.

వార్డు నర్సు

శనివారం ప్రయాణం ఆపేయండి. రేపు పొద్దున్నే కార్డియాలజీ ఓపీకి తీసుకెళ్ళు. షుగర్ సంగతి, పెదనాన్న వయసు, ఈ ఆయాసం ఎప్పుడు మొదలైంది, ఈ మూడూ చీటీ మీద రాసి డాక్టరు చేతికివ్వు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం గానీ, చెమటలు గానీ వస్తే రేపటిదాకా ఆగొద్దు, 108కి చెయ్యి. వైద్యసేవ కార్డు, ఆధార్ ఇప్పుడే సంచిలో పెట్టుకో.

రేణిగుంట రైలుకట్ట

సరే అక్కా. మొక్కు బస్సులో వెళ్ళి తీర్చుకుందామని అమ్మ ఒప్పించింది. పొద్దున ఏడింటికి బయలుదేరుతున్నాం.